గ్లెగ్ అంటే కఫం కాదు

పోర్ట్‌సోయ్
1957 సెప్టెంబరు 9

మ్యూరియెల్‌కి,

నీ కూతురు చేరింది. రైలు ఆలస్యం. సముద్రపు గాలికి నా టోపీ ఎగిరి పట్టాల మీద పడింది, స్టేషన్ మాస్టరు దాన్ని చీపురుకర్రతో తీసిచ్చాడు. లినెట్ దిగి, నాకు వీపు పెట్టి నిలబడింది. "లినెట్! ఇటే!" అని రెండుసార్లు అరిచాను. తిరగలేదు. చివరికి గార్డు భుజం తట్టి చూపిస్తే అప్పుడు నా వైపు నడిచొచ్చింది. లండన్ పిల్లలకి మేనత్త పిలిస్తే తిరిగి చూడకూడదని నేర్పుతారు కాబోలు.

తిండి విషయంలో నీకు బెంగ అక్కర్లేదు. పొగబెట్టిన చేప చారు మొదటిపూట ముక్కు మూసుకుని తాగింది, రెండోపూట గిన్నె నాకింది. ఓట్ రొట్టె మాత్రం జేబులో దాచి పిట్టలకేస్తోంది. నేను చూడలేదనుకుంటోంది.

పిలిస్తే పలకదు. "ఏమే, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?" అని అడిగాను. దానికీ జవాబు లేదు. ఏడేళ్ల పిల్లకి ఇంత బిగువు ఎక్కణ్నుంచి వచ్చిందో! మా తమ్ముడు అలిక్ పోలిక కాదు. వాడు నిద్రలో కూడా వాగేవాడు. ఆ మహానుభావుడి ఓడ ఇప్పుడు ఏ ఎడారి దేశం రేవులో నూనె నింపుకుంటోందో నీకు తెలిస్తే చెప్పు, నాకైతే జాబు లేదు.

ఇంకొక్క మాట. పిల్ల గ్లెగ్ ఇన్ ది అప్‌టాక్. వచ్చిన రోజే కనిపెట్టాను. ఇంతగా ఉంటుందని మీరిద్దరూ నాకు ముందే చెప్పొద్దూ?

నువ్వు డాక్టర్లు చెప్పినట్టు విను. కిటికీలు తీసిపెట్టే ఆస్పత్రి అంటున్నావు, కాళ్లకి మేజోళ్లు తొడుక్కో.

ఐసీ

*

కెంట్ శానిటోరియం
సెప్టెంబరు 13

వదినగారికి,

పడుకునే రాయాలి, అరగంట దాటితే నర్సు కాగితం లాక్కుంటుంది. కాబట్టి మర్యాదలు తర్వాత.

మీ ఉత్తరం నిన్న వచ్చింది. మీ చేతిరాత మా వార్డంతా చదివింది. గ్లెగ్ అని ఉందా, ఫ్లెమ్ అని ఉందా? ఈ గోడల మధ్య మేము పొద్దస్తమానం వినేది ఆ ఒక్క మాటే: కఫం. మీరు రాసింది దానికి అక్కచెల్లెలిలా ఉంది. పైగా అప్‌టాక్ అంటున్నారు. పైకి వస్తోందనేగా? కఫం పైకి వస్తోందా? వచ్చిన రోజే కనిపెట్టానంటారు, ఇంతగా ఉందని ముందే చెప్పలేదంటారు, వెంటనే మేజోళ్ల సంగతికి వెళ్లిపోతారు! ఒక తల్లికి రాసే పద్ధతేనా ఇది?

నేను ఇక్కడికి రాకముందు దాన్ని ముద్దు పెట్టుకోవడం కూడా మానేశాను. దానికి అంటించానేమోనన్న భయంతో ఒక పూట కూడా తిన్నగా తినలేదు.

మీ ఊరి డాక్టరుకి టెలిగ్రాం ఇప్పించాను. ఆయన వస్తే దయచేసి తలుపు తీయండి. నెత్తురు ఏమైనా పడుతోందా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మ్యూరియెల్

*

పోర్ట్‌సోయ్
సెప్టెంబరు 20

మ్యూరియెల్,

నిన్ను ఏమనాలో తెలియక ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను.

కుర్ర డాక్టరు రెటీ పట్టపగలు, వీధివీధంతా చూస్తుండగా, మూతికి గుడ్డ కట్టుకుని నా గుమ్మంలో నిలబడ్డాడు. "మిస్ పిరీ, క్షయ కేసు ఎక్కడ?" అన్నాడు. మెల్లగానూ అనలేదు. ఆ సమయానికి మిసెస్ గెడిస్ నా ముందుగదిలో కూతురి పెళ్లికని కుట్టించుకుంటున్న గౌను తొడిగి చూసుకుంటోంది. గౌను చెయ్యి చంక దగ్గర సగమే కుట్టి ఉండగానే బయటికి పరుగెత్తింది. ఆ సాయంత్రానికి కుట్టడానికి ఇచ్చిన బట్టలన్నీ ఎవరివి వాళ్లు పట్టుకుపోయారు. ఈ ఊళ్లో ఇన్నేళ్లుగా గౌన్లు కుడుతున్నాను. ఇప్పుడు రొట్టెలవాడు రొట్టె గేటు మీద పెట్టి పారిపోతున్నాడు.

పిల్లని బాన్ఫ్ తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాం. ఊపిరితిత్తులు అద్దంలా ఉన్నాయి. దగ్గు లేదు. కఫం లేదు. ఇప్పుడైనా తిన్నగా తిను.

అప్‌టాక్ అంటే అందుకోవడం. చేత్తో కాదు, బుర్రతో. చెప్పింది చెప్పినట్టు టక్కున అందుకోవడం. మీరూ అంటారుగా, "క్విక్ ఆన్ ది అప్‌టేక్" అని? అది మా ఉత్తరాది మాట తల్లీ. మా అవ్వలు అన్నదాన్ని మీ ఇంగ్లీషువాళ్లు ఎత్తుకెళ్లి, గ్లెగ్ నోరు తిరక్క క్విక్ అని పెట్టుకున్నారు. గ్లెగ్ అంటే చురుకు, పదును. మంచి కత్తెరని కూడా గ్లెగ్ అంటాం. లినెట్ వచ్చిన సాయంత్రం నేను బొత్తాం కాజా కుడుతుంటే ఒక్కసారి, ఒకే ఒక్కసారి చూసి, సూది తీసుకుని నాకంటే నీటుగా కుట్టింది. దాన్నే పొగిడాను. నా జన్మలో ఇంకెవర్నీ పొగడను.

ఇంతకీ ఆ పొగడ్త కూడా తప్పేనట. హెడ్మాస్టరు గౌల్డ్ కబురుపెడితే వెళ్లాను. "మీ మేనకోడలు స్లో ఇన్ ది అప్‌టాక్ అండీ" అన్నాడు, మీసం లోపలినుంచి. "ఏం అడిగినా గుడ్లప్పగించి చూస్తుంది. లెక్క చెప్పమంటే పక్కపిల్ల పలక చూస్తుంది." శిశుతరగతిలో కూచోబెట్టాడు. కౌంటీ నుంచి ఒకావిడ వచ్చి బుద్ధి పరీక్ష చేస్తుందట. తప్పితే అబర్డీన్‌లో మందబుద్ధి పిల్లల బడికి పంపించాలంటున్నాడు.

నేను చురుకన్నాను, ఆయన మందమన్నాడు. నాకైతే మొండితనం అనిపిస్తోంది. నీ సంగతి నువ్వు చెప్పు.

ఐసీ

*

కెంట్ శానిటోరియం
సెప్టెంబరు 27

వదినగారికి,

మీ గిరాకీ పోయినందుకు నిజంగా సిగ్గుపడుతున్నాను. ఆ గెడిస్ గారికి నేనే జాబు రాస్తాను. సిగ్గుపడటం అయింది, ఇక కోపం.

నా కూతురు మందమతా! క్రోయ్‌డన్‌లో దాని టీచరు ఏనాడూ ఆ మాట అనలేదు. మీ ఊళ్లో మాట్లాడే భాష ఏదో ఒకసారి ఆలోచించారా? నా పెళ్లిలో మీ పెదనాన్నగారు నాతో పావుగంట మాట్లాడారు. నేను ప్రతిదానికీ "అవునండీ" అన్నాను. తర్వాత అలిక్ చెప్పాడు, ఆయన తన కాలిపుండు చూడమన్నాడని. పెద్దదాన్ని, నా గతే అది. పసిపిల్ల ప్రతి మాటనీ మనసులో ఇంగ్లీషులోకి మార్చుకుని జవాబిచ్చేలోపు మీ హెడ్మాస్టరు ఇంకో ప్రశ్న వేస్తాడు. పిల్లకి పరీక్ష ఎందుకు, ఆయనకి పెట్టండి.

పక్కమంచం మిస్ ఆంఫ్లెట్ లాటిన్ పంతులమ్మ. మన తగాదా ఆవిడకి రేడియోలో నాటకంలా ఉంది. మా కఫం పొరపాటుకి నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుని తిట్లు తింది. ఇంటినుంచి లావుపాటి నిఘంటువు తెప్పించుకుని నాకు చదివి వినిపించింది. మీ గ్లెగ్ ఎప్పుడో పడవలెక్కి వచ్చిన నార్స్‌వాళ్ల మాటట. మొదట్లో దానికి బుద్ధితో సంబంధం లేదట. చూపు తేటగా ఉన్నవాణ్ని అనేవారు, దూరాన్నున్నది ఇట్టే పసిగట్టేవాణ్ని. కళ్లనుంచి బుర్రకి తర్వాత ఎక్కిందట. వినగానే నాకు లినెట్ గుర్తొచ్చింది. అది నా మొహం మీదనుంచి చూపు తిప్పదు, వదినా. నేను మాట్లాడినంతసేపూ అలా ఇంతేసి కళ్లు వేసుకుని చూస్తుంది. అంత శ్రద్ధగా వినే పిల్లని నేను ఎక్కడా చూడలేదు. దాన్ని మందమంటే నేను ఊరుకోను.

ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు.

మ్యూరియెల్

*

పోర్ట్‌సోయ్
అక్టోబరు 9

మ్యూరియెల్,

ఇది నిదానంగా చదువు. పడుకునే చదువు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను ఒక పాత లంగా అంచు మడుస్తున్నాను. నా నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి, పెదాల మధ్య పట్టుకునే మాట్లాడతాను, అలవాటు. నీ కూతురు కళ్ల గురించి రాసిన ముక్క చదివి, తలెత్తి దాని వంక చూశాను. "మీ అమ్మ నిన్ను మెచ్చుకుంటోందే" అన్నాను. అది నా నోటివంకే చూస్తోంది. అయినా ఏమీ పలకలేదు. నాకు ఒళ్లు మండింది. సూదులు తీసి గిన్నెలో పడేసి మళ్లీ అన్నాను. వెంటనే మొహం ఇంత చేసుకుని "ఏమని రాసింది?" అంది.

లంగా పక్కన పడేశాను.

అది కిటికీలోంచి పిట్టలకేసి చూస్తుండగా వెనకనుంచి పిలిచాను. బొగ్గుల బకెట్ మూత తీసుకుని పారతో బాదాను. పిట్టలు లేచిపోయాయి, అది మాత్రం ఎందుకు లేచాయా అన్నట్టు వాటినే చూస్తూ నిలబడింది.

రెటీ దగ్గరికి లాక్కుపోయాను. అతను అబర్డీన్‌లో చెవుల డాక్టరుకి చూపించాడు. ఒక చెవి దాదాపు పోయింది, రెండోది సగం. తట్టు వచ్చినప్పుడు పోయి ఉంటుందంటున్నారు. మాటలు అప్పటికే నేర్చుకుంది కాబట్టి, ఎదుటివాళ్ల పెదాలు చదువుతూ నెట్టుకొచ్చిందట. "ఇంత బాగా చదివే పిల్లని నేను చూడలేదండీ. అందుకే ఎవరూ కనిపెట్టలేదు" అన్నాడు ఆ డాక్టరు. మా యాసకి పెదాలు వేరేగా కదులుతాయట, అక్కడ తడబడింది. నీ మాటలో సగం నిజం ఉంది, తీసుకో.

గౌల్డ్‌తో పోట్లాడదామని బడికి వెళ్లాను. ఆయన అంతా విన్నాడు. "బోర్డు మీద రాస్తూ మాట్లాడతాను నేను. వీపుతో" అన్నాడు. ఆ తర్వాత, "నా చెల్లెలికి కూడా ఇదేనండీ. అయినా పోల్చుకోలేకపోయాను" అన్నాడు. తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ అలాగే వెనక్కి తీసుకొచ్చేశాను. చాలా చిరాకేసింది.

బుద్ధి పరీక్ష రద్దయింది. ఇప్పుడు చెవిటి పిల్లల బడి మాట ఎత్తుతున్నారు.

ఐసీ

*

కెంట్ శానిటోరియం
అక్టోబరు 14

మిస్ పిరీ,

నా కూతురు చెవిటిది కాదు. నేను పిలిస్తే పలుకుతుంది. పాటలు పాడుతుంది. దాన్ని కన్నది నేను, పెంచింది నేను. నెలరోజులు మీ కొంపలో ఉంచుకున్నంత మాత్రాన నాకు తెలియనిది మీకు తెలిసిపోయిందా? పిల్లాజెల్లా లేని మీరు బకెట్ మూతలు బాది నిర్ణయించేస్తారా? ఈ వారంలోనే నేను వచ్చి తీసుకెళ్లిపోతాను, డాక్టర్లు ఏమన్నా సరే.

మ్యూరియెల్ పిరీ

*

కెంట్ శానిటోరియం
అక్టోబరు 16

వదినా,

మొన్నటి ఉత్తరం పొయ్యిలో పడేయండి. మంచం దిగబోతే ఇద్దరు నర్సులు పట్టుకున్నారు. జ్వరం కూడా వచ్చింది.

దీపం తీసేస్తే అది మాట్లాడేది కాదు. చీకటంటే భయమనుకుని ఒక చిన్న దీపం కొనిచ్చాం. అలిక్ పోయినసారి గడ్డం పెంచుకుని వచ్చాడు. గొరిగేదాకా అది తండ్రి దగ్గరికి వెళ్లలేదు. ఎంత నవ్వుకున్నామో, గడ్డం గుచ్చుకుంటుందని కాబోలు అని. ఎప్పుడూ చుట్టూ తిరిగి నా ముందుకొచ్చి నిలబడేది. నామీద ప్రేమనుకున్నాను.

నాకు ఎవరిమీద కోపమో తెలియట్లేదు. మీమీద కూడా ఉంది, ఎందుకంటే మీరు చూశారు.

దాన్ని దూరపు బడికి పంపించకండి. నేను లేచేదాకా ఉంచుకోండి. అడగడానికి నాకు మొహం లేదు, అయినా అడుగుతున్నాను.

మ్యూరియెల్

*

పోర్ట్‌సోయ్
డిసెంబరు 2

మ్యూరియెల్,

పిల్లని పంపనని అప్పుడే కార్డు ముక్క రాశాను, మిగతా సంగతులు ఇవి. "నామీద ప్రేమనుకున్నాను" అని రాశావు. మరి కాదా? పిచ్చిమాటలు రాయకు. నీ ఆ కోపం ఉత్తరం పొయ్యిలో వేశాను, బాగా మండింది.

పిల్ల ఎక్కడికీ వెళ్లదు. నాతోనే ఉంటుంది, ఈ బడికే వెళుతుంది, ముందు బెంచీలో కూచుంటుంది. గౌల్డ్ సంతకం పెట్టాడు. అంతేకాదు, మీసం కత్తిరించాడు. ఆయన పైపెదవి ఎలా ఉంటుందో పెళ్లానికి కూడా తెలియదట. ఊరు ఊరంతా ఏదో వంకతో బడివైపు వెళ్లి చూసి వస్తోంది. నేనూ వెళ్లాను. మీసమే నయం.

సర్కారువాళ్లు వినికిడి యంత్రం ఇచ్చారు. గుండెల మీద ఒక పెట్టె, చెవికి తీగ. ఇటుకంత బరువు. గౌను లోపల జేబు కుట్టి పెట్టాను. కదిలినప్పుడల్లా గుడ్డ రాసుకుని గరగరమంటోందని ఏడ్చింది. విప్పి, పైన మఖమల్‌తో కుట్టాను. అదీ నచ్చలేదు. నాలుగోది ఒప్పుకుంది. మిసెస్ గెడిస్ చూసి "ఎంత బాగుందో" అని, తన సగం గౌను మళ్లీ తెచ్చిచ్చింది.

ఇక నా పాట్లు. రోజంతా ఒకటే ప్రశ్న: "అదేంటత్తా?" కెటిల్. "అదేంటత్తా?" చూరునీళ్లు. "అదేంటత్తా?" నా మోకాళ్లు. మొదటిరోజు రేవుకి తీసుకెళితే నన్ను గట్టిగా పట్టుకుని, "ఇది ఎప్పుడాగుతుంది?" అంది. "సముద్రమే, ఆగదు" అన్నాను. "మనం పడుకున్నప్పుడు కూడానా?" అంది. ఇంటికొచ్చేదాకా దానిగురించే ఆలోచించుకుంది.

నేను కుట్టుకుంటూ నాలో నేను సణుక్కునేదాన్ని. ఇప్పుడు ఆ స్వతంత్రం పోయింది. నిన్న ఏదో విసుగులో నీగురించి ఒక మాటన్నాను. "మా అమ్మని అలా అనకు" అంది పక్కగదిలోంచి. ఏమన్నానో నువ్వు అడగొద్దు. ఇక, నేను తిట్టడం మొదలుపెడితే పెట్టె మీట నొక్కి ఆపేస్తుంది, నా మొహం వంక చూడకుండా కళ్లు కూడా మూసుకుంటుంది. అలాంటి పిల్లని ఎవరేం చేయగలరు?

నీకు జ్వరం తగ్గిందా? రాయి. అలిక్ జాబు రాశాడు, అక్కడ ఎండలు బాగున్నాయట. వాడికి ఇంకేం తోచలేదు.

ఐసీ

*

క్రోయ్‌డన్
1958 ఏప్రిల్ 21

వదినకి,

ఇద్దరం క్షేమంగా ఇల్లు చేరాం. నాకు పూర్తిగా నయమైందని ఇక్కడి డాక్టరు కూడా అన్నాడు. స్టేషన్‌లో మీరు నాకు సరిగ్గా వీడ్కోలు కూడా చెప్పకుండా, శాండ్‌విచ్‌లు నా చేతిలో కుక్కి గిరుక్కున తిరిగి వెళ్లిపోయారు. లినెట్ "అత్తకి కోపం వచ్చింది" అంది. కాదని చెప్పాను.

నిన్న ఒకటి జరిగింది. వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, అలవాటుగా, తల తిప్పకుండానే "లినెట్, బల్లమీద ప్లేట్లు పెట్టు" అన్నాను. అనగానే గుర్తొచ్చి, చేతులు తుడుచుకుని దాని ముందుకి వెళ్లబోయాను. ఈలోగా ముందుగదిలోంచి "ఎన్నమ్మా?" అంది.

నేను చేతులు తుడుచుకుంటూనే ఉన్నాను. అది రెండుసార్లు అడిగింది. చివరికి విసుక్కుంది, అచ్చం మీలాగే, మీ యాసలోనే. అందులో సగం మాటలు నాకు అర్థం కాలేదు. దాని యాస విని చుట్టుపక్కలవాళ్లు నన్ను జాలిగా చూస్తున్నారు. ఆ మాటలకి అర్థాలు రాసి పంపండి, అదనంగా తిట్లు ఉంటే అవి కూడా.

మ్యూరియెల్

*

పోర్ట్‌సోయ్
ఏప్రిల్ 28

మ్యూరియెల్,

మాటలకి అర్థాలు రాయను. రాస్తే ఆస్పత్రికి టెలిగ్రాం ఇస్తావు.

వీడ్కోలు సంగతి ఎత్తావు గనక చెబుతున్నాను, నాకు ప్లాట్‌ఫారాల మీద ఏడ్చే అలవాటు లేదు. ఈ వయసులో నేర్చుకోదలచలేదు.

నీ కూతురు నా ఇల్లు పాడుచేసి వెళ్లింది. యాభై రెండేళ్లు ఈ కొంపలో హాయిగా బతికాను, ఏ చప్పుడూ నన్నేమీ చేయలేదు. ఇప్పుడు మేడమెట్టు కిర్రుమంటే వినపడుతోంది. కిటికీ రెక్క వినపడుతోంది. మేడ మీద గోడగడియారం అయితే మరీ, నేను కుట్టుకుంటున్నంతసేపూ ఎవరో పక్కన కూచుని నాలుక చప్పరిస్తున్నట్టుంది. ప్రతిదానికీ "అదేంటత్తా?" అని అడిగేవాళ్లు లేరు. నేనే ఆగి చెప్పుకుంటున్నాను, గడియారం, మెట్టు, కిటికీ అని. మిసెస్ గెడిస్ చూస్తే ఈసారి నాకే బుద్ధి పరీక్ష పెట్టిస్తుంది.

మొన్న ఇక తట్టుకోలేక కుర్చీ వేసుకుని ఎక్కి గడియారం ఆపేశాను. వచ్చి సూది చేతబట్టాను. ఒక్క కుట్టు పడలేదు. మళ్లీ లేచి, కుర్చీ వేసుకుని, తాళం తిప్పి నడిపించాను.

వేసవి సెలవుల్లో ఇద్దరూ రండి. మర్యాదకి పిలుస్తున్నానని అనుకునేవు, కాదు. పెట్టెకి కొత్త జేబు కుట్టాలి, పిల్ల ఎదిగి ఉంటుంది. కొలతలు ఉత్తరంలో పంపొద్దు. నీమీద నాకు నమ్మకం లేదు, పిల్లనే తీసుకురా.

ఐసీ